చీకటికి రిహార్సల్

వీధి వీధంతా రిహార్సలమ్మ అని పిలుచుకునే అత్తగారికి లోకంలో గిట్టనిది ఒక్కటే: ఏ పనైనా మొదటిసారి చేయడం. ఆవిడ మొదటిసారి చేస్తున్నట్టు కనబడే ప్రతి పనీ అప్పటికే తలుపులు వేసుకుని రెండు మూడుసార్లు జరిగిపోయి ఉంటుంది. తక్కిన మానవజాతి బతుకును నేరుగా బతికేస్తుంది. ఆవిడ దాన్ని ముందు ఒకసారి వేసి చూసి, కుదిరిందనుకుంటేనే బతుకుతుంది.

చుట్టాలు వస్తున్నారని కబురొస్తే మామగారి చేతికి ఒక సంచీ ఇచ్చి గుమ్మం బయట నిలబెట్టేది. ఆయన బెల్లు కొట్టాలి. ఆవిడ తలుపు తీసి, ఉలిక్కిపడి, "అయ్యో, రండి రండి! ఎన్నాళ్ళకెన్నాళ్ళకి!" అనాలి. ఉలికిపాటు బాగానే కుదిరేది. చుట్టమే కుదిరేవాడు కాదు.

"ఏమండీ, మీ మొహంలో ప్రయాణపు బడలిక ఏదీ? ఇప్పుడే కాఫీ తాగినవాడిలా ఉన్నారు."

"ఇప్పుడే కదా తాగింది."

"వీధి చివరిదాకా వెళ్ళి రండి," అని తలుపు మూసేసేది.

సొంత ఇంటికి చుట్టంగా పనికిరాక, సంచీ పట్టుకుని వీధి చివరికి నడిచిపోతున్న ఆ పెద్దమనిషిని చూసి, పక్క వాటాలోకి కొత్తగా దిగినవాళ్ళు పెళ్ళాం ఇంట్లోంచి గెంటేసిందనుకుని చాలాకాలం జాలిపడ్డారు.

మామగారు బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు ప్రకటించి రిటైరైన మనిషి. గొంతు గంభీరం, ఉచ్చారణ నిర్దుష్టం. పంచదార డబ్బా అందుకోమని అడిగినా ప్రయాణికులు నలుగురు లేచి నిలబడేటంత స్పష్టంగా అడుగుతారు. ఆయన వీడ్కోలు సభకు ముందు ఆవిడ ఆయనచేత కళ్ళు చెమర్చడం సాధన చేయించింది. ఆయన శ్రద్ధగల విద్యార్థి. ఇంట్లోనే మొత్తం ఏడ్చేసి, సభ నాటికి ఒక్క చుక్క కూడా మిగుల్చుకోలేదు. దండ వేస్తుంటే పొడి కళ్ళతో కూర్చున్నారు. "ఎంత విసిగిపోయాడో పాపం," అని తోటి ఉద్యోగులు గుసగుసలాడుకున్నారు.

అసలు కోడలు రాకముందే ఆ ఇంటికి ఒక కోడలు వచ్చింది. ఎదురింటి టైలరు. కొత్తకోడలు గడప దాటే ఘట్టానికి మనిషి కావలసివస్తే, మెడలో కొలతల టేపుతోనే వచ్చి, నెత్తిన దుప్పటి కప్పుకుని, తలవంచుకుని నిలబడ్డాడు. సిగ్గు ఎక్కువైందని ఒకసారి, నడక మగవాడిలా ఉందని ఒకసారి వెనక్కి పంపి, మూడోసారికి లోపలికి రానిచ్చింది ఆవిడ. అసలు పెళ్ళికూతురు వచ్చిన రోజున టైలరు జనంలో నిలబడి పరీక్షగా చూసి, తీర్పు చెప్పాడు.

"బాగానే వచ్చావు చెల్లెమ్మా. కాకపోతే గడప దగ్గర నేను ఇంకాస్త బాగా ఆగాను. ఏమీ అనుకోకు, వరసకి మనం తోడికోడళ్ళం."

కోడలు నవ్వింది. నవ్వుతూనే కొత్త ఇంటి నడవా మీదికి, మెట్ల కిందికి, వెనక గది వైపుకి ఒక చూపు తిప్పి, ఎక్కడెక్కడ స్విచ్చులున్నాయో గుర్తుపెట్టుకుంది. ఎందుకంటే ఆమెకు చీకటంటే భయం. మామూలు భయం కాదు. దీపం ఆరితే అరికాళ్ళు చల్లబడి, గోడ ఎటుందో తెలియని భయం. చిన్నప్పుడు అన్నలు ఏడిపించిన ఏడిపింపులకి, పెద్దయ్యాక ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకుంది. భర్తకు కూడా చెప్పలేదు. ఉద్యోగం సైతం ఊళ్ళో అన్నిటికంటే వెలుతురున్న చోట వెతుక్కుంది: లైట్లు అమ్మే షోరూము. పట్టపగలు గోడలనిండా, పైకప్పునిండా దీపాలు వెలుగుతూ ఉంటాయి. కొనేవాళ్ళు కళ్ళు చికిలించుకుంటూ తిరుగుతుంటే, ఆమె ఒక్కతే హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది.

ఇటువంటి మనిషి ఇంటి మీదికి తుఫాను బయల్దేరింది.

సముద్రంలో అది ఎక్కడుందో, ఎటు వస్తోందో రేడియో గంట గంటకూ చెప్పింది. స్తంభాలు కూలవచ్చని, కరెంటు పోతే తిరిగి రావడానికి రోజులు పట్టవచ్చని కూడా చెప్పింది. కోడలికి గాలి సంగతీ వాన సంగతీ చెవికెక్కలేదు. రోజులు అన్న మాట ఒక్కటే ఎక్కింది. రోజుల తరబడి చీకట్లో, అత్తవారి నడుమ, ఎక్కడ దాచుకుంటుంది మొహం?

"అత్తయ్యగారూ, మా అక్కవాళ్ళ ఊరు సముద్రానికి చాలా దూరం," అని మెల్లగా మొదలుపెట్టింది. "అందరం నాలుగు రోజులు అక్కడికి వెళ్ళొస్తే..."

"మన వీధిని ఖాళీ చేయమని ఎవరూ అనలేదు. మెరక మీదున్నాం, కాంక్రీటు కప్పు కింద ఉన్నాం. అది అంత దూరం నుంచి మనింటికని బయల్దేరి వస్తుంటే, తాళం పెట్టుకుని పోతే మర్యాదేనా?"

"వచ్చేది తుఫానండీ, చుట్టాలు కాదు."

"అందుకే కదా చెబుతున్నాను. చుట్టాలకైతే రెండు రిహార్సళ్ళతో సరిపెడదును." ఆవిడ కొంగు బిగించింది. "అసలు దానికేం తయారీ ఉందమ్మా? ఇప్పటికే రెండుసార్లు దారి మార్చుకుందట. ఎటు రావాలో దానికే తెలీదు. ఏదో ఊపులో వచ్చేస్తోంది. మనం అలా కాదు. రానీ, చూసుకుందాం."

అది యుద్ధ ప్రకటన. మామగారు దాన్ని తమ గంభీర కంఠంతో ఇంట్లో మరోసారి ప్రకటించారు.

కిటికీలకు చెక్కలు బిగించడం, పూలకుండీలు లోపలికి చేర్చడం, నీళ్ళ ట్యాంకు మూత తాళ్ళతో కట్టడం, బిందెలూ బకెట్లూ నింపడం లోకమంతా చేసేదే. కాకపోతే లోకం ఒకసారి చేస్తుంది. ఈ ఇంట్లో కుండీలన్నీ లోపలికి వచ్చాక, "బాగుంది, ఇప్పుడు బయటపెట్టండి," అనే ఆదేశం వచ్చేది. కోడలి భర్త పశువుల డాక్టరు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. అతను మందారం కుండీని కౌగిలించుకుని మొరపెట్టుకున్నాడు.

"అమ్మా, ఈనలేని ఆవుని లేపి నిలబెట్టాను గానీ ఈ కుండీలు మళ్ళీ మొయ్యడం నా వల్ల కాదే."

"ఒరే డాక్టరూ, ఇది ఉత్తుత్తి మోత. దీనికే ఇలా అయితే అసలు మోతకి ఏమైపోతావు?"

నీళ్ళ దగ్గర ఇంకో చిక్కు. మామగారు ఒక చెంబు ముంచుకోబోతే ఆవిడ చెయ్యి పట్టుకుంది. "అవి రిహార్సల్ నీళ్ళు. తాగకండి." రిహార్సల్ నీళ్ళతో గచ్చు కడిగారు, బట్టలు ఉతికారు, మందారానికి పోశారు. తుఫాను రాకముందే ఆ ఇంట్లో వరద వచ్చింది.

తుఫాను వేషం టైలరుకిచ్చారు. ఒకప్పుడు కోడలి పాత్ర పోషించి మెప్పించిన నటుడు కాబట్టి నమ్మకంగానే ఇచ్చారు. ఆయన ఒక రేకు, ఒక చెంబు నీళ్ళు, ఒక టేబుల్ ఫ్యాను పట్టుకుని కిటికీ అవతల నిలబడ్డాడు. రేకు ఉరుము, చెంబు వాన, ఫ్యాను గాలి. కిటికీలన్నిటికీ నల్లకంబళ్ళు కప్పారు. అందరూ ముందు గదిలో కూర్చున్నారు. పట్టపగలే అత్తగారు వెళ్ళి మెయిన్ స్విచ్చు ఆపేసింది.

ఇల్లు గుహ అయిపోయింది. కోడలి గొంతులోకి ఒక అరుపు ఎగదన్నుకొచ్చింది. అది నాలుక దాటేలోపే పక్క కుర్చీలోంచి ఒక మహాకంఠం లేచింది.

"అమ్మో! చీకటి! అమ్మో! చీకటి!"

మామగారు. ప్రతి అక్షరం విడివిడిగా, రెండుసార్లు, ప్రయాణికుల సౌకర్యార్థం.

ఆ వెంటనే, "బాబోయ్, నాకు భయం!" అని పశువుల డాక్టరు బొంగురు గొంతు. కిటికీ అవతలి నుంచి, "చచ్చాన్రోయ్!" అని తుఫాను. ఆ గోలలో కోడలి అరుపు ఎవరికీ వినబడకుండా ఎటో కొట్టుకుపోయింది.

"ఏమండీ, ఏమిటది?" చీకట్లోంచి అత్తగారి విమర్శ. "ముందు భయపడి తర్వాత అరవాలి. మీరు అరిచేసి, ఆనక భయపడుతున్నారు. ఒరేయ్ డాక్టరూ, నువ్వు కొంచెం వణుకు. టైలరూ, ఫ్యాను ఆగిందేం?"

"కరెంటు మీరే తీసేశారు కదండీ అక్కయ్యగారూ. కరెంటు లేకుండా తుఫాను ఎలా వీస్తుంది?"

"అట్టముక్కతో వీచు. సరే, ఇప్పుడు అగ్గిపెట్టె కావాలి. ఎవరు తెస్తారు?"

మామగారు లేచి వెళ్ళి సబ్బు తెచ్చారు. పశువుల డాక్టరు గడప దాకా వెళ్ళి, కాళ్ళు రావడం లేదని తిరిగొచ్చాడు.

"వీళ్ళ వల్ల కాదు. నువ్వెళ్ళమ్మా."

"నేనా?"

"మేమూ వస్తాం," అన్నారు మామగారు ప్రాధేయపడుతూ. "నువ్వు ముందు నడు తల్లీ. మాకు భయం."

కోడలు గోడ పట్టుకుని లేచింది. ఆమె భుజం మీద మొగుడి చెయ్యి, మొగుడి భుజం మీద మామగారి చెయ్యి. ఇద్దరు మగవాళ్ళు వెనక నుంచి వణుకుతుంటే ముందున్న మనిషికి వణకడానికి వీలుండదు. కుడిచేతికి గోడ, గోడ అయ్యాక తలుపు, తలుపు తర్వాత పొయ్యిగట్టు, గట్టు చివర గూడు, గూట్లో అగ్గిపెట్టె. తెచ్చి ఇచ్చింది. ఆ పూట ఆమెకు మొట్టమొదటిసారి ఒక సంగతి తెలిసింది. ఈ ఇల్లు ఇల్లంతా తనకంటే పిరికిది!

ఆ తరవాత పూటపూటకీ చీకటి కమ్మింది. పూటపూటకీ మామగారు నిర్దుష్టంగా హడలిపోయారు. చెంబు, కొవ్వొత్తి, లాంతరు, మందులపెట్టె ఒక్కొక్కటే కోడలి చేతులకు మచ్చికయ్యాయి. షోరూములో లైట్లు చూపించే వేళ కూడా ఆమె అప్పుడప్పుడూ కళ్ళు మూసుకుని, గూడు ఎటో, గట్టు ఎటో గాలిలో తడిమి చూసుకునేది. మొగుడి మీద మాత్రం ఆమెకు మహా జాలి పుట్టుకొచ్చింది. ఇంత మనిషి, పాపం, దీపం ఆరితే పసిపిల్లాడు. పైకి అనలేదు. భయస్తుడి బాధ భయస్తులకే తెలుస్తుంది.

తుఫాను మధ్యాహ్నం టీల వేళకు వచ్చింది. చెప్పిన రోజుకే వచ్చింది గానీ చెప్పినదానికంటే పెద్దగా వచ్చింది. అసలు కుండీలు అసలుగా లోపలికి చేరాయి. ముందు గది అడవి అయింది. అందరూ ఆకుల మధ్య కూర్చుని టీ తాగుతున్నారు. బయట గాలి ఒక వైపు నుంచి మొదలై, ఊళ్ళో ఉన్న తలుపులన్నిటినీ ఒకేసారి లాగుతున్నట్టు ఊళపెట్టింది. వాన చెంబుతో కాదు, చెరువుతో కొట్టింది.

"టైలరు కంటే బాగా చేస్తోందే," అన్నారు మామగారు.

"ఏం బాగు? ఒక పద్ధతా పాడా?" అంది అత్తగారు. "అంతా ఒకేసారి మీదేసుకుంటోంది."

అప్పుడు కరెంటు పోయింది.

చెక్కలు బిగించిన ఇంట్లో, మబ్బు కమ్మిన మధ్యాహ్నం, చీకటి చీకటిలాగే పడింది. కోడలు కుర్చీ పట్టుకుని, పక్కనుంచి లేవబోయే మహాకంఠం కోసం ఎదురు చూసింది. ఆ గోలలో తన అరుపు కలిపేసుకోవాలి కదా.

ఎవరూ అరవలేదు.

గాలి హోరు. టీ గుటకేసిన చప్పుడు. సాసర్లో కప్పు పెట్టిన చప్పుడు.

"కరెంటుకి ఇక రోజులు పట్టినట్టే," అన్నాడు పశువుల డాక్టరు ఆవులిస్తూ. "స్తంభాలు కూలి ఎన్ని గొడ్లు ఇరుక్కున్నాయో పొద్దున్నే వెళ్ళి చూడాలి."

కోడలు ఇక ఆగలేకపోయింది.

"మామయ్యగారూ, మీరు అరవలేదేం?"

"ఇది రిహార్సల్ కాదు కదమ్మా," అన్నారు మామగారు, ఏడో నంబరు ప్లాట్‌ఫారం కాదు కదా అన్నంత మామూలుగా.

ఆ చీకట్లో ఎవరో నాలుక కరుచుకున్నారు. మామగారే అయి ఉండాలి.

"ఏమండీ!" అంది అత్తగారు.

"నేనేం చేయను? తుఫాను వచ్చాక ఏం మాట్లాడాలో నాకు నువ్వు చెప్పలేదు."

"అంటే," కోడలి గొంతు గది మధ్యలోంచి వినిపించింది, "మీకు భయం లేదా?"

"చీకటికా? నా ఉద్యోగం సగం చీకట్లోనే గడిచింది తల్లీ. మైకు గదిలో బల్బు ఎప్పుడు వెలిగింది గనక?"

"మీకో?" అని మొగుడిని అడిగింది.

పశువుల డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "అమావాస్యనాడు పాకలో, టార్చి లేకుండా, ఆవు కడుపులోకి మోచెయ్యి దాకా చెయ్యి పెడతాను. నాకేం భయం?"

"మరి ఆ వణుకు?"

"అమ్మ వణకమంది. సరిగ్గా వణకలేదని రెండుసార్లు వెనక గదికి తీసుకెళ్ళి నేర్పింది కూడా."

కోడలు అత్తగారి వైపు తిరిగింది. చీకట్లో కనబడకపోయినా అటు తిరిగింది. "నా భయం సంగతి మీకు ఎలా తెలుసు?"

"వెనక గదిలోకి వెళ్ళేటప్పుడు మాత్రం పాట ఎత్తుకుంటావమ్మా నువ్వు," అంది అత్తగారు. "సంగీతం వచ్చినవాళ్ళు ముందు గదిలో పాడతారు. పైగా నీకు రాదు."

"నాతో చెప్పొచ్చు కదా!"

"చెబితే చిన్నబుచ్చుకుంటావు. ఒక్కతే భయపడితే ఆ మనిషి పిరికిదంటారు. ఇంటిల్లిపాదీ భయపడితే అది ఆ ఇంటి పద్ధతంటారు. కొత్తగా వచ్చినదానివి, ఇంటి పద్ధతే ఉంటుందని..." ఆవిడ తడబడింది. ఈ మాటలకు ఆవిడ సాధన చేసి ఉండలేదు. అది అందరికీ తెలిసిపోతూనే ఉంది. "ముందు ఆ లాంతరు ఎవరైనా వెలిగించండి."

"వెలిగిస్తున్నా," అంది కోడలు.

పుల్ల గీసిన వెలుగులో తేలింది సంగతి. కోడలు కుర్చీలో లేదు. వంటింటి గూడు దగ్గర, ఒక చేత్తో లాంతరు, ఒక చేత్తో పుల్ల పట్టుకుని నిలబడి ఉంది. మాటల మధ్య ఎప్పుడు లేచిందో, గోడ ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలియదు. ముందెవరూ లేరు, వెనకెవరూ లేరు. తన చేతుల వైపు తానే అపనమ్మకంగా చూసుకుంది.

"ఇన్నాళ్ళూ మిమ్మల్ని చూసి ఎంత జాలిపడ్డానో తెలుసా?" అంది కోపంగా. "ఈయన్ని రాత్రిళ్ళు లేపి, బాత్‌రూముకి తోడు వెళ్ళాను!"

"నాకు కావలసొచ్చి వెళ్ళాననుకున్నావా?" అన్నాడు పశువుల డాక్టరు. "లేపితే లేవమని అమ్మ ఆర్డరు."

కోడలికి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో ఉండగానే గాలి ఇంటిని ఒక్క తాపు తన్నింది. కప్పు మీద ఏదో పెద్ద వస్తువు పడి, దొర్లి, నేలమీదికి దూకింది. లాంతరు రెపరెపలాడి ఆరిపోయింది. ఇంక దాచుకునేదేమీ లేదని ఒళ్ళంతటికీ ఒకేసారి తెలిసింది కాబోలు, కోడలు నోరారా, గుండెలారా, ఊపిరి అయిపోయేదాకా అరిచింది. చిన్నప్పటి నుంచి మింగిన అరుపులన్నీ అందులో ఉన్నాయి. అరుపు అయ్యాక గాలి వైపు తిరిగి, "పో! పోవే! నీకెవరూ భయపడరిక్కడ!" అని కూడా అంది.

"విన్నారా?" అంది అత్తగారు మామగారితో, తన్మయంగా. "అరుపంటే అదీ. అన్ని పూటలు నేర్పాను, మీకు ఒక్కసారైనా వచ్చిందా?"

మామగారు ఒప్పుకునేలోపే, గాలి ఒక్క క్షణం ఊపిరి తీసుకున్న సందులో, ఎదురింటి మూసిన కిటికీ వెనక నుంచి ఒక గొంతు ఖంగున లేచింది.

"చచ్చాన్రోయ్! అమ్మో! చీకటి!"

టైలరు. ఆ ఇంట్లోంచి అరుపు వినబడితే తన వంతు అరవాలని కదా ఆయనకు చెప్పింది. తుఫాను వచ్చిందని మాట తప్పే మనిషి కాదు. ఆయన అరిచాడని ఆయన భార్య అరిచింది. వాళ్ళు అరిచారని పక్క వాటావాళ్ళు అరిచారు. వీధిలో అందరికీ పూటపూటకీ విని విని కంఠతా వచ్చిన పాఠమే. ఒక్కొక్క ఇల్లూ అందుకుంది. గాలి ఒకటే ఊళ పెడుతోంది. వీధి పదహారు రకాలుగా పెడుతోంది.

కోడలు గోడ పట్టుకోకుండా కిటికీ దాకా నడిచి, చెక్కల సందున నోరు పెట్టి కేకేసింది.

"అన్నయ్యా! ఇది రిహార్సల్ కాదు! అసలుదే!"

అవతల కాస్త ఆలోచన జరిగినట్టుంది.

"ముందే చెప్పొద్దూ చెల్లెమ్మా! అయితే ఇప్పుడు నిజంగానే భయపడొచ్చా?"

"భయపడండన్నయ్యా!" అంది కోడలు, వాన మొహాన కొడుతుంటే తుడుచుకుంటూ. "మేమందరం ఇక్కడే ఉన్నాం. ఏం మొహమాటపడకండి!"